పాచి: కోనేటి మెట్టుకీ పంటికీ ఒకటే మాట ఎందుకు?

మా పాప సైన్సు పాఠం అప్పజెబుతోంది. సూక్ష్మజీవులంటే బాక్టీరియా, శిలీంధ్రాలు, శైవలాలు, ప్రోటోజోవా, వైరస్‌లు... అంటూ మధ్యలో ఆగింది. "శైవలాలంటే పాచి అన్నావుగా. పొద్దున్నే పాచినోటితో తినొద్దని కూడా అంటావు. అంటే నా నోట్లో శైవలాలున్నాయా?" రెండు రోజులుగా ఆ మాట నన్ను వదలట్లేదు.

తమిళంలో పాసి, కన్నడంలో పాచి ఉన్నాయి. పచ్చ, పచ్చి మాటలకి చుట్టం. కోనేటి మెట్ల మీద కాలు జారే పచ్చటి పొర అసలు అర్థమన్నమాట. అందులో శైవలాలతో పాటు, చూడ్డానికి వాటిలాగే ఉండే నీలి-ఆకుపచ్చ బాక్టీరియా కూడా ఉంటుంది. వరిమళ్లలో వీటిలో కొన్ని రకాలు గాలిలోని నత్రజనిని పట్టి పైరుకి అందిస్తాయి.

పంటి మీదిది పచ్చగా ఉండదే! కానీ పొద్దున లేవగానే పళ్లని నాలుకతో తడిమి చూడండి. మెట్టు మీదున్న జిగురే అక్కడా తగులుతుంది. కంటితో కాదు, స్పర్శతో పెట్టిన పేరని నాకనిపిస్తుంది. 1683లో లేవెన్‌హుక్ అనే డచ్చి బట్టల వర్తకుడు తన పళ్ల సందుల్లోని తెల్లటి పాచిని గీకి, వాననీటిలో కలిపి, తాను చేసుకున్న కటకంతో చూశాడు. లోపల బుల్లి ప్రాణులు చురుగ్గా కదులుతున్నాయి! మనిషి బాక్టీరియాని చూసిన తొలి సందర్భాల్లో అదొకటి.

ఇక పాచిముఖం, పాచిగిన్నెలు, పాచిపని. వీటిలో పాచి అంటే రాత్రి దాటినది. అనువుగా ఉంటే కొన్ని బాక్టీరియాలు 20 నిమిషాలకోసారి రెండవుతాయి. అడ్డు లేకపోతే ఒక్కటి 8 గంటల్లో కోటీ 67 లక్షలు దాటుతుంది. నిద్రలో లాలాజలం కూడా తగ్గుతుంది కదా, నోటికి రాత్రంతా కడిగే దిక్కుండదు.

ఆ పాచే గట్టిపడితే గార. గోడకి పూసే సున్నపు గారలోనూ, పంటి గారలోనూ కాల్షియమే ఉందని తెలిసినప్పుడు ఎంత సంతోషమేసిందో!

జవాబు (కరీంనగర్ నుంచి):
మా దిక్కు పాశి అంటం. పాశిమొకం, కూర పాశిపోయింది. కని సద్దిని ఎన్నడు పాశి అనం. రాత్రి అన్నంల నీళ్లు వోసి పెడితే పొద్దుగాల పుల్లగైతది, ఉల్లిగడ్డ నంజుకొని తింటం. రెండూ రాత్రి మిగిలినయే. ఒకటి పారవోస్తం, ఒకటి పొలానికి మూట గట్టుకపోతం.

నా జవాబు:
ఇది నాకు తట్టనే లేదండీ, చాలా బాగా చెప్పారు. చద్దిలో పనిచేసేవి లాక్టిక్ ఆమ్లం తయారుచేసే బాక్టీరియా. ఆ పులుపులో, కుళ్లబెట్టే రకాలు చాలావరకు పెరగలేవు. పాచిపోయిన కూరలో ఆ కాపలా లేదు, అందుకే కంపు, తీగలు సాగడం. సూక్ష్మజీవి అనే మాట రాకముందే మనవాళ్లు ముక్కుతో, నాలుకతో వాసన, రుచి చూసి రెంటినీ వేరు చేసి రెండు పేర్లు పెట్టుకున్నారు.

పాపకి చెప్పేశాను: నీ నోట్లో ఉన్నవి శైవలాలు కావమ్మా, బాక్టీరియా. వెంటనే ఇంకోటి అడిగింది. ఆవకాయ మీదా బూజే, అటక మీద సాలెగూడూ బూజేనా అని. మీ వైపు ఈ రెంటికీ వేరే పేర్లున్నాయా?