ఒమేగావర్స్ కథల్లో గడియ పెట్టుకున్న మనసులు: మీకేది నమ్మబుద్ధేసింది?

గోదారిగాలి:
ఒమేగావర్స్ కథ ఒకటి రాస్తున్నాను. అదే, మనుషుల్లోనే తోడేలు గుంపులోలా ఆల్ఫా, బీటా, ఒమేగా అని రకాలుండి, ఒకరి వాసన ఇంకొకరిని లాగే ఊహాలోకపు ప్రేమకథ. మామూలుగా ముభావంగా ఉండేది ఒమేగా, గడియ విరగ్గొట్టేది ఆల్ఫా. నా కథలో తిరగేశాను. ఆల్ఫాకి ముప్పై నాలుగేళ్లు. పాత బంధం తెగాక తన వాసన ఎవరికీ తెలియకుండా రోజూ మాత్రలు మింగుతుంటాడు. పై వాటాలో అద్దెకుండే ఒమేగా అంటే ఇష్టమే, నోరు మాత్రం విప్పడు. ఏడో అధ్యాయంలో ఆగిపోయాను. హీట్ సీన్, అంటే ఒమేగాకి ఒళ్లు అదుపు తప్పేంత కోరిక కలిగే రోజుల సీన్, పెట్టేస్తే పనైపోతుంది, కానీ నాకే నమ్మకం కలగడం లేదు.

పాతకాపు:
పెట్టకండి. 2010 ప్రాంతంలో సూపర్‌నేచురల్ సీరియల్ అభిమానుల రాతల్లో పుట్టినప్పటి నుంచీ ఈ జానర్‌కి ఉన్న జబ్బే అది. ఒళ్లు ఒప్పుకుంటే మనసు వెనకాలే వస్తుందిలే అనుకోవడం. హీట్‌లో ఉన్న మనిషి అన్న ‘సరే’ని సరే అని ఎలా లెక్కేస్తాం? నా కథలో ఇద్దరినీ పది రోజుల ముందే కూర్చోబెట్టాను. ఎవరు పక్కనుండాలి, ఏం వద్దు, తాళంచెవి ఎవరి దగ్గర... చప్పగా ఉంటుందని భయపడ్డాను. కామెంట్లన్నీ ఆ సీన్ మీదే వచ్చాయి.

బీటాబుజ్జి:
ఆల్ఫా మెత్తగా ఉంటే తోడేలు లెక్క తప్పదా అండీ?

పాతకాపు:
ఆ లెక్కే తప్పమ్మా. తోడేళ్ల మీద 1970లో పుస్తకం రాసి ‘ఆల్ఫా’ మాటకి ప్రచారం తెచ్చిన డేవిడ్ మెక్, 1999లో తానే ఆ మాట సరికాదన్నాడు. అడవిలో గుంపంటే చాలావరకు అమ్మా నాన్నా పిల్లలే.

మిరపబజ్జీ:
ఈ జానర్‌లో ‘రాసిపెట్టి ఉన్న జోడీ’ అంటే నాకు నవ్వొస్తుంది. మాకూ జాతకాలు బ్రహ్మాండంగా కలిశాయి. మొదటి ఏడాదంతా మా ఆయన నోట ‘ఏం లేదు’ తప్ప ఇంకో మాట లేదు. నేను తవ్వేకొద్దీ ముడుచుకుపోయేవాడు. విసుగొచ్చి అడగడం మానేసి, నా ఆఫీసు సంగతులు, నా భయాలు నేనే చెప్పుకుంటూ పోయాను. ఓ రాత్రి గిన్నెలు తోముతూ, నా వైపు చూడకుండానే, వాళ్ల నాన్న తాగొచ్చిన రోజుల గురించి చెప్పాడు. మీ ఆల్ఫాని ఎదురుగా కూర్చోబెట్టకండి. చేతికి ఏదో పని ఇవ్వండి.

నిప్పురవ్వ:
అక్కా, మీకు కలిసొచ్చింది. నేను అలాగే నాలుగేళ్లు ఎదురుచూశాను, ఆ తలుపు తెరుచుకోలేదు. ఓపిక పేరుతో ఆ ఒమేగాని నర్సుని చెయ్యకండి. ‘నాకిది చాలడం లేదు’ అని ఒక్కసారైనా అననివ్వండి. ఆ మాట విన్నాక ఆల్ఫా ఏం చేస్తాడన్నదే అసలు కథ.

బీటాబుజ్జి:
ఇంకో డౌటు, హీట్‌ని తెలుగులో ఏమంటారు?

పాతకాపు:
ఓసారి ‘ఎద’ అని రాశాను. మా గేదె గుర్తొచ్చిందని ఒకాయన కామెంట్ పెట్టాడు! అప్పట్నుంచి హీట్ అనే ఉంచేస్తున్నాను. ఒమేగా దుప్పట్లతో కట్టుకునే నెస్ట్‌కి ‘గూడు’ మాత్రం భలే కుదిరింది.

గోదారిగాలి:
ఏడో అధ్యాయం మొత్తం తీసేశాను. ‘నాకిది చాలడం లేదు’ అన్నది ఆరులోకి వెళ్లింది. ఇప్పుడు ఏడులో ఇద్దరూ ఆవకాయ పెడుతున్నారు, ఆల్ఫా చేతిలో కత్తిపీట. ఇంకా ఏమీ చెప్పలేదు. కానీ ఆ రోజు మాత్ర వేసుకోలేదు. అంత ఆవఘాటులోనూ ఒమేగాకి ఆ వాసన తగిలింది. తలెత్తకుండా ఉప్పు కలుపుతున్నాడు.

మిరపబజ్జీ:
అబ్బ! మరి జోడీ కుదిరిన గుర్తుగా మెడ మీద పంటిగాటు ఉంటుందా?

గోదారిగాలి:
ముందు ముక్కలు ఊరనివ్వండి అక్కా.