కర్నూల్లో రెండు రోజులు: బురుజు, బెలుం కాకుండా ఏం చూడొచ్చు? రాత్రి మ్యాచ్ ఎక్కడ?

వైజాగ్_బీచ్‌రోడ్ (ప్రశ్న):

ఏప్రిల్ రెండో వారం శని, ఆదివారాలకి నలుగురం కర్నూలు వస్తున్నాం. శుక్రవారం రాత్రి దిగుతాం, ఆదివారం రాత్రి రైలుకి తిరుగు ప్రయాణం. హోటల్ కొత్త బస్టాండు దగ్గర, కారు అద్దెకి మాట్లాడుకుంటాం. బెలుం, యాగంటి, మంత్రాలయం అందరం చూసినవే కాబట్టి అవి వద్దు. ఒకప్పటి రాజధాని కదా, ఊళ్లో గానీ ఒక పూట దూరంలో గానీ జనం పెద్దగా పట్టించుకోనివి ఏమున్నాయో చెప్పండి.

రెండోది, శనివారం రాత్రి ఏడున్నర ఐపీఎల్ మ్యాచ్ పెద్ద తెర మీద చూడాలి. మాలో ఒకడికి క్రికెట్ పడదు, వాడికి అదే వేళకి ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ ఫుట్‌బాల్ కావాలి. హైదరాబాద్‌లో ఉన్నట్టు స్పోర్ట్స్ బార్లు ఇక్కడ దొరుకుతాయా?

సి_క్యాంపు:

ముందు రాజధాని సంగతి. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పటి నుంచి 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ అయ్యేదాకా, మూడేళ్ల పైచిలుకు, కర్నూలే రాజధాని. చూడ్డానికి గొప్ప భవనాలేవీ మిగల్లేదు, వాటి కోసం తిరక్కండి. మిగిలింది పేర్లలో ఉంది. ఏ క్యాంపు, బి క్యాంపు, సి క్యాంపు అని ఆటోవాళ్లు పిలిచే పేటలన్నీ అప్పట్లో ఉద్యోగులకి వేసిన క్యాంపులే. సి క్యాంపు రైతుబజారుకి పొద్దున్నే పోయి ఒక చుట్టు తిరిగితే చాలు. అక్కడికి వెళ్లినా, బస్టాండు చుట్టుపక్కలైనా ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినకుండా రావద్దు. తొమ్మిది దాటితే ఉగ్గాని గట్టిపడిపోతుంది, వేడి మీదే తినాలి.

ఊళ్లో అందరూ కొండారెడ్డి బురుజు ముందు ఫొటో దిగి వెళ్లిపోతారు. అచ్యుతదేవరాయల కాలపు కోటలో నిలబడిన ముక్క అది, చూడండి, తప్పులేదు. లోపలి సొరంగం తుంగభద్ర కిందుగా గద్వాల దాకా పోతుందని చెబుతారు. అది మూసే ఉంటుంది, దానికోసం కాపలావాళ్లని విసిగించొద్దు. బురుజు కంటే ఎక్కువసేపు నిలబడి చూడాల్సింది హంద్రీ ఒడ్డున ఉన్న గోల్ గుమ్మజ్. బిజాపూరు సుల్తానుల తరఫున కర్నూలు ఏలిన అబ్దుల్ వహాబ్ ఖాన్ సమాధి, 17వ శతాబ్దం కట్టడం, రెండు గుమ్మటాలు. పాతబస్తీ సందుల్లోకి కారు తీసుకెళ్తే ఇరుక్కుంటారు. బురుజు దగ్గర కారు దిగి ఆటో మాట్లాడుకోండి.

అట్నుంచి కేసీ (కర్నూలు-కడప) కాలువ హంద్రీని దాటే చోటుకి పోవచ్చు. కింద నది, పైన కాలువ. 1860ల్లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించిన కాలువ ఇది, సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి బయల్దేరి కడప దాకా పోతుంది. ఏప్రిల్లో కాలువలో నీళ్లు లేకపోవచ్చు, హంద్రీ ఎలాగూ ఎండే ఉంటుంది. ఈ ఎండిన ఇసుకే 2009 అక్టోబర్‌లో తుంగభద్రతో కలిసి ఊరిని ముంచిందంటే కొత్తవాళ్లు నమ్మరు.

ఇవన్నీ పొద్దున ఆరుకి మొదలుపెడితే తొమ్మిదింటికి అయిపోవాలి. ఏప్రిల్లో ఇక్కడ నలభై డిగ్రీలు మామూలు. పది నుంచి నాలుగున్నర దాకా బయట పెట్టుకున్న ప్లాను ఏదైనా చెడిపోతుంది.

హంద్రీగట్టు:

పైన అన్న చెప్పింది ఊరివరకు. బయటికి పోవాలంటే నా లెక్కలో మూడు సంగమేశ్వరాలు. ఈ మూడింటినీ మనోళ్లు కలిపేస్తారు, మ్యాప్‌లో ఒకదాని పేరు కొట్టి ఇంకోదాని దగ్గర తేలేవాళ్లు శానా మంది. అందుకని రొంత వివరంగా చెబుతా.

శ్రీశైలం ప్రాజెక్టు కట్టినప్పుడు వెనక జలాల్లో పాత గుళ్లు బోలెడు మునిగాయి. కొన్నింటిని రాయి రాయీ విప్పి, నంబర్లు వేసి, ఎత్తు మీద మళ్లీ పేర్చారు.

ఒకటి, కూడవెల్లి సంగమేశ్వరం. కృష్ణా తుంగభద్రలు కలిసే చోట ఉండేది, ఇప్పుడు అలంపురంలో ఉంది. రెండు, రూపాల సంగమేశ్వరం. దీన్ని తెచ్చి కర్నూలు పక్కనే జగన్నాథగట్టు మీద నిలబెట్టారు. మూడోది సప్తనది సంగమేశ్వరం, దాన్ని కదిలించలేదు. ఏటా నీళ్లలోనే మునిగి ఎండాకాలంలో బయటికొస్తుంది, లోపల లింగం వేపమాను.

మీకున్న టైముకి మొదటి రెండూ చాలు. మూడోదానికి ఆత్మకూరు చుట్టు తిరిగి పోవాలి, రానూపోనూ కలిపి పూటన్నర పోతుంది. పైగా శ్రీశైలం నీటిమట్టం చూసుకోకుండా పోతే గుడి శిఖరం మాత్రమే కనిపిస్తుంది. నిండు మట్టం 885 అడుగులు. 840 చుట్టుపక్కలకి దిగితేనే గుడి నేల బయటపడుతుంది. మట్టం రోజూ పేపర్లో వేస్తారు. అయినా పోతామంటే మీ ఇష్టం.

అలంపురం ఆదివారం తెల్లారుజామున పెట్టుకోండి. ఊరి నుంచి పాతిక కిలోమీటర్ల పైన. హైవే ఎక్కి తుంగభద్ర దాటితే తెలంగాణ, పుల్లూరు టోలు, అలంపురం చౌరస్తాలో కుడివైపు తిరగాలి. పసుపు బోర్డు టాక్సీ కారైతే తెలంగాణ పర్మిట్ ఉందో లేదో ముందురోజే డ్రైవర్ని అడగండి. పొద్దున పూట నదవతల ఆపేస్తే మీ చల్లటి రెండు గంటలు అక్కడే కరిగిపోతాయి.

అక్కడ జనమంతా జోగులాంబ అమ్మవారి దర్శనం చేసుకుని వెనక్కి తిరుగుతారు. మీరు నవబ్రహ్మ ఆలయాలు తీరిగ్గా చూడండి. పేరుకి బ్రహ్మలే గానీ అన్నీ శివాలయాలే. బాదామి చాళుక్యులు కట్టినవి, 7వ శతాబ్దానివి. శిఖరాలు చాలావరకు మన వైపు గోపురాల్లా మెట్లు మెట్లుగా ఉండవు, ఉత్తరాది పద్ధతిలో వంపు తిరిగి ఉంటాయి. టైము తక్కువుంటే స్వర్గబ్రహ్మ ఒక్కటీ వదలొద్దు, చెక్కడం అన్నింటికంటే దాంట్లోనే ఎక్కువ. అక్కడ్నుంచి పాపనాశి గుళ్ల గుంపు కిలోమీటరున్నర ఉంటుంది, అటు పోయేవాళ్లు తక్కువ. చెప్పులు బయట విడవాలి కదా, తొమ్మిదిన్నర తర్వాత బండలు కాల్తాయి. పాత మేజోళ్లు ఒక జత సంచిలో పడేసుకోండి.

జగన్నాథగట్టు సాయంత్రానికి బాగుంటుంది. పొద్దు వాలేటప్పుడు పైనుంచి ఊరంతా కనిపిస్తుంది.

బుడ్డలమూట:

ఓర్వకల్లు ఎవరూ చెప్పలేదే? రాక్ గార్డెన్ బోర్డు చూసి చిన్న పార్కు అనుకుని శానా మంది ఆగరు. నంద్యాల రోడ్డులో ఇరవై కిలోమీటర్ల పైన, హైవే పక్కనే. శనివారం నాలుగున్నరకి గేటు దగ్గరుంటే సరి. ఇంకా ముందు పోతే బండ నుంచి వేడి కొడుతుంది, ఆలస్యమైతే గేటు మూస్తారు.

అదే దారిలో కాల్వబుగ్గ రామేశ్వరం గుడి ఉంది, నీటి ఊట కోనేరు. కేతవరం గుట్టల్లో ఎర్ర రంగుతో వేసిన ఆదిమానవుల బొమ్మలు కూడా ఆ వైపే. కేతవరానికి మాత్రం బోర్డులు నమ్ముకుని పోవద్దు, ఊళ్లో ఒక మనిషిని వెంట తీసుకుని పొద్దున్నే ఎక్కాలి, తలకి రెండు లీటర్ల నీళ్లు తక్కువ కాకుండా. బొమ్మలు ఫొటోలో బాగా పడాలని కొందరు బండ మీద నీళ్లు చల్లుతారు. అప్పటికి రంగు తేలినట్టు కనిపిస్తుంది, కానీ నీరు ఆరేటప్పుడు రాతిలోని ఉప్పు పైకొచ్చి తెల్లపొరలా పేరుకుంటుంది, కింద రంగు పెచ్చులూడుతుంది. మీరు చల్లొద్దు, పక్కవాళ్లని చల్లనివ్వొద్దు.

రోళ్లపాడు అభయారణ్యం చలికాలానికి వదిలేయండి. బట్టమేక పిట్ట ఇప్పుడు కనిపించడం అరుదు, ఏప్రిల్ ఎండలో కృష్ణజింకల కోసం అంత దూరం ఎందుకు. జొన్నగిరి వజ్రాల వేట తొలకరి పడ్డాకే.

సెట్‌టాప్:

మ్యాచ్ సంగతి నేను చెబుతా. స్పోర్ట్స్ బార్ అని వెతికితే మీకేమీ తేలదు. ఇక్కడ బోర్డు మీద ఉండేది "బార్ అండ్ రెస్టారెంట్" అనే. వాటిలో ఏసీ హాల్లో పెద్ద టీవీయో ప్రొజెక్టరో ఉన్నవి చూసుకోవాలి. మధ్యాహ్నమే ఫోన్ చేసి ఇవి అడగండి:

మ్యాచ్‌కి సౌండ్ పెడతారా, పాటలు పెడతారా? (చాలా చోట్ల బొమ్మ క్రికెట్, పాట సినిమాది.)
ఎన్ని గంటలకి మూస్తారు? టీ20 ఏడున్నరకి మొదలైతే పదకొండుంపావు దాటుతుంది. చివరి ఆర్డరు ఎప్పుడో కూడా అడగాలి, రెండూ ఒకటి కాదు.
తెరకి ఎదురుగా నలుగురి టేబులు ఆపి ఉంచుతారా, దానికి ఇంత బిల్లు కావాలని షరతు ఉందా?

ఫుట్‌బాల్ మిత్రుడికి అసలు చిక్కు వేరే. హాల్లో నాలుగు టీవీలున్నాయని మురిసిపోవద్దు. ఎక్కువగా ఒకే సెట్‌టాప్ బాక్సు నుంచి స్ప్లిటర్ పెట్టి అన్నింటికీ ఒకే బొమ్మ ఇస్తారు. ఒకటి మారిస్తే అన్నీ మారతాయి, ఐపీఎల్ రాత్రి ఆ పని చేస్తే గొడవే. అందుకని "రెండో బాక్సు ఉందా" అని అడగాలి, "రెండో టీవీ ఉందా" అని కాదు. ఏప్రిల్లో శనివారం ఇంగ్లండ్ మధ్యాహ్నం మూడింటి మ్యాచ్‌లు మనకి రాత్రి ఏడున్నరకే, కచ్చితంగా ఐపీఎల్ మొదలయ్యే వేళకి. (ఆ మూడింటి మ్యాచ్‌లు ఇంగ్లండ్‌లోనే టీవీలో వేయరు, మనకి వస్తాయి. అదో తమాషా.) మన టైములో సాయంత్రం ఐదింటి మ్యాచ్ ఉంటే అతనికి అదే మేలు, అప్పటికి బార్ ఖాళీగానే ఉంటుంది. కాకపోతే ఓర్వకల్లు పోగొట్టుకుంటాడు.

బార్ కుదరకపోతే హోటల్ గదే. ల్యాప్‌టాప్, మూడు మీటర్ల హెచ్‌డీఎంఐ కేబులు తెచ్చుకోండి. మీటరు కేబులు గోడ మీది టీవీకి అందదు. ఫోన్ నుంచి కేబులుతో పెడదామంటే టైప్‌-సి పోర్టున్న ప్రతి ఫోనూ బొమ్మ బయటికి పంపదు, తక్కువ ధర ఫోన్లలో ఆ సౌకర్యం ఉండదు. కేబులు లేకుండా హోటల్ వైఫైలో క్యాస్ట్ చేస్తే టీవీ కనపడదు, ఎందుకంటే అక్కడ ఒక పరికరం ఇంకోదాన్ని చూడకుండా అడ్డుపెడతారు. మీ ఫోన్ హాట్‌స్పాట్‌కి రెండింటినీ కలిపితే పని అవుతుంది. రిమోట్‌లో సోర్స్ బటన్ పనిచేయకపోతే హోటల్‌వాళ్లు దాన్ని లాక్ చేశారని అర్థం, రిసెప్షన్‌కి చెప్పి తీయించాలి. ఆన్‌లైన్ ప్రసారం డిష్ కంటే అర నిమిషం దాకా వెనక ఉంటుంది. పక్క గదిలో కేక వినపడి సిక్సరు ముందే తెలిసిపోతుంది, కిటికీ మూసుకోండి.

ఇంకో మాట. ఆదివారం అలంపురం పోతున్నారు కదా, అటువైపు నుంచి బాటిలు కార్లో పెట్టుకుని రావద్దు. పంచలింగాల చెక్‌పోస్టులో బండ్లు ఆపి చూస్తారు, కారుతో సహా ఇరుక్కుంటారు. ఇక్కడ మందుకి వయసు 21 నిండాలి, గుర్తింపు కార్డు దగ్గరుంచుకోండి.

వైజాగ్_బీచ్‌రోడ్:

అందరికీ థాంక్సండీ. శనివారం పొద్దున ఊరు, సాయంత్రం ఓర్వకల్లు, రాత్రి మ్యాచ్. ఆదివారం ఐదున్నరకి అలంపురం, మధ్యాహ్నం గది, సాయంత్రం జగన్నాథగట్టు చూసుకుని రైలు. కుదురుతుందా? ఓర్వకల్లు నుంచి ఏడున్నరకి వెనక్కి రాగలమా?

హంద్రీగట్టు:

ఆరుంపావుకి అక్కడ బయల్దేరితే వస్తారు. నంద్యాల చెక్‌పోస్టు దగ్గర శనివారం సాయంత్రం ట్రాఫిక్ ఆగుతుంది, దానికి ఇరవై నిమిషాలు అదనంగా వేసుకోండి. జగన్నాథగట్టు నుంచి స్టేషన్‌కి తిన్నగా పోవద్దు, సామాన్లు హోటల్లో ఉంటే ముందు అటు పోవాలి, అది గుర్తుంచుకుని రైలుకి గంటన్నర ముందే కొండ దిగండి.

సెట్‌టాప్:

శనివారం రాత్రి కారు డ్రైవర్ని ఏడున్నరకే పంపించేస్తారు కాబట్టి, బార్ నుంచి తిరిగి రావడానికి ఆటో ముందే మాట్లాడుకుని నంబరు తీసుకోండి. పదకొండు దాటాక రాజ్‌విహార్ దగ్గర నిలబడితే అడిగినంత ఇవ్వాల్సిందే. మీలో ఎవరో ఒకరు నడుపుతామంటే మాత్రం అసలు ముట్టొద్దు, వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసే.

బుడ్డలమూట:

ఓర్వకల్లుకి మేజోళ్లు కాదు, బూట్లు. చెప్పులేసుకుని బండలెక్కితే జారతారు.