అనర్హత తర్వాత స్టార్ట్ సిగ్నల్‌కు దూకలేకపోతున్న అబ్బాయి

మా అబ్బాయికి పదేళ్లు, ఈత జట్టులో చేరి రెండేళ్లయింది. మూడు నెలల క్రితం ఒక పోటీలో సిగ్నల్ మోగకముందే కదిలాడని అనర్హుడిగా ప్రకటించారు. ఆ నిర్ణయంలో తప్పేమీ లేదు, తొలి పొరపాటుకే అనర్హత అన్నది నిబంధన. కానీ ఆ తర్వాతి మూడు పోటీల్లోనూ, పక్క లేన్ల పిల్లలు దూకేదాకా వాడు బ్లాక్ (నీళ్లలోకి దూకే దిమ్మ) మీద అలాగే ఉండిపోతున్నాడు.

సాధనలో 50 మీటర్ల ఫ్రీస్టైల్ 38 సెకన్లలో ఈదుతాడు. పోటీలో 40 అవుతోంది. వీడియోలు చూస్తే పోయిన సమయమంతా స్టార్ట్ దగ్గరే పోతోంది, ఈత వేగం తగ్గలేదు. రిలేలో రెండోవాడిగా దిగినప్పుడు మాత్రం, ముందువాడు గోడ తాకగానే చక్కగా దూకుతాడు! అందుకే వాడిని ఆపుతున్నది ఆ శబ్దమేనని నాకు అనిపిస్తోంది.

ఫోనులో సిగ్నల్ వినిపిస్తూ, దానికి ముందుండే విరామాన్ని ఒకటి నుంచి మూడు సెకన్ల దాకా మారుస్తూ నెల రోజులు ఇంట్లో నేల మీద చేయించాను. తడబాటే లేదు. కోచ్ వారానికి రెండుసార్లు బ్లాక్ మీద విడిగా పదేసి స్టార్ట్‌లు చేయించారు, అవీ బాగానే వచ్చాయి. "మళ్లీ అనర్హత వచ్చినా ఫర్వాలేదు నాన్నా" అంటే వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ మాట ఎత్తడం మానేశాను. పోటీ ముందు రోజు నిద్ర, తిండి మామూలుగానే ఉంటున్నాయి.

తర్వాతి పోటీకి మూడు వారాలుంది. ఇలాంటి పిల్లలు పోటీ రోజున తిరిగి సిగ్నల్‌కే దూకేలా చేయడానికి మీకు ఏ పద్ధతి పనిచేసింది?