తల దువ్వుకోవడం ‘పని’ ఎలా అయింది?

మా ఆఫీసులో ఒక యూదు మిత్రుడు శుక్రవారం మధ్యాహ్నమే గోళ్ళు తీసుకుంటాడు. శుక్రవారం గోళ్ళు తీసి అమ్మతో చీవాట్లు తిన్నవాణ్ణి కదా, ఉండబట్టలేక అడిగేశాను. పొద్దుగూకితే సబ్బాతు, అంటే వాళ్ళ విశ్రాంతి దినం, మొదలట. శనివారం చుక్కలు పొడిచేదాకా గోరూ వెంట్రుకా తీయకూడదు, గట్టి దువ్వెన తలలో పెట్టకూడదు. మన బైబిల్లో ‘ఏ పనియు చేయకూడదు’ అనే ఉంది. తల దువ్వుకోవడం పనా? మూలంలో ఏ మాట ఉందో తెలిసినవాళ్ళు చెప్పండి.

— మూలంలో మాట ‘మెలాఖా’. ఒళ్ళు వంచి చేసే చాకిరీకి హీబ్రూలో ‘అవోదా’ అని వేరే ఉంది. మెలాఖా చేతిపనికి, పనితనానికి దగ్గర. ఎడారిలో ప్రత్యక్షగుడారం, అంటే దేవుని ఆరాధనకు వేసిన గుడారం, కట్టిన పనికీ నిర్గమకాండంలో ఇదే మాట వాడారు. అందుకని రబ్బీలు, అంటే యూదు ధర్మ పండితులు, ఆ గుడారానికి కావలసిన పనులు లెక్కగట్టి 39 అని తేల్చారు. రబ్బీల ధర్మసూత్రాల సంకలనం మిష్నాలో ‘నలభైకి ఒకటి తక్కువ’ అని ఉంటుంది. అందులో ఒకటి ‘గోజెజ్’, గొర్రె బొచ్చు కత్తిరించడం. తెరలకు ఉన్ని కావాలి కదా! మనిషి గోరూ వెంట్రుకా దీని కిందికే వచ్చాయి. గట్టి దువ్వెనతో దువ్వితే వెంట్రుక ఊడక మానదు. మెత్తటి బ్రష్షుతో పైపైన సర్దుకుంటే చాలామంది ఒప్పుకుంటారు. ఇంట్లో బల్ల ఇటునుంచి అటు జరపడం మెలాఖా కాదు, వెంట్రుక పీకడం మెలాఖా. ‘పని’ అని చదివినంతకాలం ఇది తలకెక్కదు.

— మంచిగ చెప్పిన్రు సార్. కానీ వెంట్రుక కాడ ఇంత పట్టింపు మనిషి గుణాన్ని ఎట్ల మారుస్తది? విశ్వాసమంటే మనసుల ఉండేది గద.

— ఆ ‘విశ్వాసం’తోనే నాకు పేచీ. హబక్కూకు 2:4లో ‘నీతిమంతుడు విశ్వాసమూలముగా బ్రదుకును’ అన్నచోట హీబ్రూ మాట ‘ఎమునా’. ఇప్పుడు నిర్గమ 17:12 తీయండి. అమాలేకీయులతో యుద్ధం, మోషే చేతులు బరువెక్కాయి, అహరోను, హూరు చెరోపక్క పట్టుకున్నారు. పొద్దుగూకేదాకా ఆ చేతులు ‘ఎమునా’గా ఉన్నాయి! మనవాళ్ళు అక్కడ ‘నిలుకడగా’ అన్నారు. ఎంత చక్కటి మాట. హబక్కూకులోనూ ఆ నిలుకడే పెట్టి చదివితే, దువ్వెన మీదికి పోబోయి ఆగిన చెయ్యి కూడా ఎమునా కిందికే వస్తుంది.

గుణానికి వాళ్ళ మాట ‘మిద్దా’. అసలర్థం కొలత. గుడారపు మేకవెంట్రుకల తెరల కొలతకీ నిర్గమ 26లో అదే మాట. కోపం, గర్వం, ఓర్పు అన్నీ మిద్దాలే, ఏది ఎంత ఉండాలో చూసుకోవలసినవే. మనమూ ‘కోపానికైనా ఓ హద్దుండాలి’ అంటాం. అలాగని దువ్వెన ముట్టనంతమాత్రాన కోపం తగ్గుతుందని నేననను. పంతం పెరిగినవాళ్ళూ ఉంటారు.

— మరి ఆడవాళ్ళ జడ సంగతేంటండీ?

— అదీ మిష్నాలో ఉందమ్మా, ‘షబ్బాత్’ అనే భాగంలో, 10:6. జడ అల్లడం, కాటుక పెట్టడం, ఇంకా ‘పోకెసెత్’. ఈ మూడో మాటకు పాపిట తీయడమని కొందరు, ముఖానికి రంగు పూయడమని కొందరు అర్థం చెప్పారు. రబ్బీ ఎలీయెజెరు వీటికి పాపపరిహార బలి పడుతుందన్నాడు. తక్కిన పండితులు అంతదాకా పోకుండా, రబ్బీల కట్టుబాటుగా వద్దన్నారు. అక్కడ ఒక్కో చేతకు ఒక్కో క్రియ. మనకేమో గోరు తీయడం, చిక్కు తీయడం, పాపిట తీయడం, అన్నిటికీ ఒకటే ‘తీయడం’. తెలుగు చేయబోతే మొదటి చిక్కు అదే.