పాపికొండల పాత టోపో షీటులో అమ్మమ్మ వాళ్ల ఊరు ఎలా వెతకాలి?

కొండదారి:
మా అమ్మమ్మ వాళ్లది దేవీపట్నం మండలం, గోదావరి ఒడ్డున కొండరెడ్ల గూడెం. పోలవరం ముంపు కింద ఖాళీ చేయించి కాలనీకి పంపేశారు. సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల పాత టోపో షీటు (కొండలు, వాగులు, దారులు చూపే పటం) స్కాన్ దొరికింది, అంగుళానికి మైలు లెక్కన గీసింది, 65జి నంబరు గడిలోది. ఊరి పేరు ఎంత వెతికినా కనబడట్లేదు. శాటిలైట్ బొమ్మ మీద పెడితే నది ఒడ్డే పక్కకి జరిగిపోతోంది. ఎలా?

పాత సర్వేయరు:
అమ్మా, ముందు షీటు అంచున సర్వే చేసిన ఏడాది చూడండి. అచ్చువేసిన ఏడాది కాదు. పోడు కోసం గూడేలు చోటు మారేవి కాబట్టి అప్పటికి మీ ఊరు ఇంకో వాగు పక్కన ఉండి ఉండొచ్చు.

పేరు వదిలేసి వాగుని పట్టుకోండి. నీలం గీత అయితే ఏడాదంతా నీళ్లు, నలుపైతే ఎండిపోయేది. ఎర్ర చుక్కల గీత కాలిబాట. అమ్మమ్మగారు చెప్పే కొండదారి అలాంటిదే అయ్యుంటుంది.

స్కాన్‌ని ప్రింటు తీసుకోండి. మీ షీటులో 50 అడుగులకో కాంటూరు (ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీత) ఉంటే, 150 గీత మీద పెన్సిల్ పెట్టి నది వెంట పోనివ్వండి. పోలవరం పూర్తి నీటిమట్టం సరిగ్గా 150 అడుగులు, అంటే 45.72 మీటర్లు. కొండ నిటారుగా ఉన్నచోట ఆ గీత ఒడ్డునే ఉంటుంది, వాగు కలిసేచోట లోపలికి దూరుతుంది. కాస్త పల్లం, నీళ్లు ఉండేది అక్కడే, గూడేలుండేదీ అక్కడే. 20 మీటర్ల కాంటూర్లున్న కొత్త షీట్లలో 40 తర్వాత 60యే, ఈ గీతే ఉండదు. అందుకే ఆ స్కాన్ జాగ్రత్తగా దాచుకోండి.

గోదారి జీఐఎస్:
ఒడ్డు జరగడానికి కారణం డేటమ్, అంటే అక్షాంశ రేఖాంశాలు లెక్కగట్టడానికి ఆధారంగా తీసుకున్న భూమి ఆకారం. పాత షీట్లు ఎవరెస్ట్ గోళాభం అనే పాత లెక్క మీద గీసినవి, శాటిలైట్ బొమ్మ జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 లెక్క మీద. మన వైపు ఒకటి రెండు వందల మీటర్లు తేడా వస్తుంది. క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో షీటు మూలల అక్షాంశ రేఖాంశాలు ఇచ్చేటప్పుడు ఎవరెస్ట్ డేటమ్ ఎంచుకోండి, సర్దుకుంటుంది. (ఆ పేరుకి మూలమైన సర్వేయరు జార్జ్ ఎవరెస్ట్ దొర 1819లో కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో సర్వే చేస్తూ జ్వరంతో మంచానపడ్డాడు.)

కొండదారి:
మాస్టారూ, దొరికిందండీ! 150కి కింద, వాగు మలుపులో గుడిసెల్ని చూపే చిన్న చిన్న ఎర్ర గుర్తులున్నాయి. అమ్మమ్మకి చూపిస్తే, మలుపు అదేనంది. పక్కన 5 అంకె, దాని వెనక చిన్న ఆర్ అక్షరం ఉంది. ఏంటది?

పాత సర్వేయరు:
వాగు గట్టు ఎత్తమ్మా, పక్క నేల నుంచి 5 అడుగులని. అమ్మమ్మగారిని కూర్చోబెట్టుకుని ఒక్కో వాగు పేరు, కొండ పేరు తెలుగులో ఆ ప్రింటు మీదే రాయించండి. ఈ వారమే చెయ్యండి. ఆ పేర్లు ఏ షీటులోనూ లేవు.