ఏలియన్ సెట్టు: పాత డీవీడీనా, బ్లూరేనా, 4కేనా?

అలిపిరి_రీల్

హాలీవుడ్ ‘ఏలియన్’ సినిమాలన్నీ డిస్కుల్లో పోగు చేద్దామనుకుంటున్నా. ఉండేది తిరుపతి. ఇంట్లో 50 అంగుళాల 4కే టీవీ, ఇక్కడే కొన్న మామూలు బ్లూరే ప్లేయరు ఉన్నాయి. 2003 నాటి 9 డిస్కుల డీవీడీ సెట్టు (క్వాడ్రిలజీ) చెన్నైలో ఒకాయన సెకండ్‌హ్యాండ్‌లో అమ్ముతున్నాడు, చవకే. 2010 నాటి 6 డిస్కుల బ్లూరే ఆంథాలజీ దానికన్నా జాస్తి. 4కే అయితే ఒక్కో సినిమా విడిగా తెప్పించుకోవాల. డీవీడీ సెట్టు తీసుకుంటే తర్వాత తల పట్టుకుంటానా? బయటి దేశం డిస్కులు మన ప్లేయర్లో ఆడతాయా? మన ఎండలకీ నవంబర్ వానలకీ ఇవి ఎన్నాళ్లు నిలుస్తాయి?

చంద్రగిరి_నైట్‌షో

అన్నా, పెట్టెలు లెక్కబెట్టొద్దు, లోపల ఏ కట్ (సినిమా కూర్పు) ఉందో చూడు. మొదటి నాలుగు సినిమాలకీ రెండేసి కట్లు ఉన్నాయి.

‘ఏలియన్’ (1979) థియేటర్ కట్ 117 నిమిషాలు, 2003 డైరెక్టర్స్ కట్ 116. కొత్త సీన్లు కలిపినా నిడివి తగ్గిందంటే, రిడ్లీ స్కాట్ పాతవాటికి అక్కడక్కడా కత్తెర పెట్టాడన్నమాట. చివర్లో కెప్టెన్ డల్లాస్ ఏలియన్ గూట్లో ఇరుక్కుని కనిపించే సీను చూడదగిందే గానీ, అప్పటిదాకా బిగిసిన కథ అక్కడ కాస్త సడలుతుంది. మొదటిసారి చూసేవాళ్లకి థియేటర్ కట్టే పెట్టు.

‘ఏలియన్స్’ (1986) 137 నిమిషాలు, స్పెషల్ ఎడిషన్ 154. పెరిగిన 17 నిమిషాల్లో కథానాయిక రిప్లీ కూతురి సంగతి ఉంది. అది తెలిస్తే ఆమె కథలో తనకి దొరికిన చిన్నపిల్లని ఎందుకు వదలదో ఇంకా బాగా పడుతుంది.

అసలు పేచీ ‘ఏలియన్ 3’ (1992) దగ్గర. థియేటర్లో 114 నిమిషాలు, అసెంబ్లీ కట్ 145. థియేటర్ కట్లో ఏలియన్ జంతువు కుక్కలోంచి పుడుతుంది, అసెంబ్లీ కట్లో ఎద్దులోంచి. డేవిడ్ ఫించర్ ఈ కూర్పులో చెయ్యి పెట్టలేదు. 2003 డీవీడీలో ఆ అదనపు సీన్లకి షూటింగులో పట్టిన మూలశబ్దమే వాడారు, మాటలు సరిగ్గా వినపడక సబ్‌టైటిల్ వేసిన చోట్లు ఉన్నాయి. 2010 బ్లూరే కోసం నటుల చేత ఆ డైలాగులు మళ్లీ చెప్పించారు. బొమ్మ సంగతి పక్కన పెట్టినా, ఈ ఒక్కదానికే డీవీడీ వదిలి బ్లూరేకి పోవచ్చు.

‘ఏలియన్ రిసరెక్షన్’ (1997) థియేటర్ కట్ 109 నిమిషాలు, రెండో కట్ 116. దర్శకుడు జునే రెండోదాని ముందు కనిపించి, థియేటర్‌కి ఇచ్చిందే తన కట్ అంటాడు. మాట్లాడుకునేంత లేదు.

నా లెక్కైతే ముందు ఆంథాలజీ, దాని మీద 2019లో వచ్చిన ‘ఏలియన్’ 4కే. ఆ డిస్కులో అట్మాస్ (పైనుంచి కూడా వినిపించే శబ్దం) లేదు, డీటీఎస్ 5.1 (ఆరు స్పీకర్ల శబ్దం) మాత్రమే. అయినా బొమ్మ మాత్రం ఫిల్ము మాదిరే ఉంటుంది. ‘ఏలియన్స్’ 4కే (2024) మీద గొడవ ఉంది. ఫిల్ము గ్రెయిన్ (ఫిల్ములో సహజంగా ఉండే సన్నటి రవ్వలు) తుడిచి, మళ్లీ కంప్యూటర్‌తో పదును పెట్టారు. ముఖం దగ్గరగా వచ్చిన షాట్లో ఆపి చూడు: చర్మం మైనం పూసినట్టు నున్నగా, కనుబొమల వెంట్రుకలు మాత్రం గీసినట్టు నల్లగా ఉంటాయి. 50 అంగుళాల మీద 9 అడుగుల నుంచి చూస్తే కొందరికి పట్టదు. నాకైతే పడుతుంది.

పలమనేరు_సిగ్నల్

పైన చెప్పిందంతా సరే, ఆయన ప్లేయరు మామూలు బ్లూరేది. 4కే డిస్కు పెడితే దాన్ని చదవనే చదవదు. టీవీ 4కే అయినంత మాత్రాన కుదరదు, 4కే ప్లేయరు వేరే కొనాల. 4కే ప్యాకెట్లో మామూలు బ్లూరే కూడా పెట్టి ఉంటే అప్పటిదాకా దాంతో నెట్టుకురావచ్చు.

రీజియన్ సంగతి, అంటే ఏ దేశం డిస్కు ఏ ప్లేయర్లో ఆడాలనే కట్టడి. బ్లూరేకి అమెరికా, జపాన్ ఏ, యూరప్, ఆస్ట్రేలియా బి, మనం సి. డీవీడీలో మనది 5, అమెరికా 1, యూరప్, జపాన్ 2. 4కే డిస్కులకి రీజియన్ లాక్ లేదు. అయితే ఆ ప్యాకెట్లోనే ఉండే బ్లూరేకి లాక్ ఉండొచ్చు, ఇక్కడే చాలామంది బోల్తా పడేది. అట్ట వెనక భూగోళం బొమ్మలో ఏ అక్షరముందో ఫోటో తెప్పించుకో. మూడూ ఉంటే నిశ్చింత. డీవీడీని కంప్యూటర్లో పెట్టి రీజియన్ మారుస్తా అంటావేమో, ఆ డ్రైవు 5 సార్లే మార్చనిస్తుంది, ఐదోసారి పెట్టింది అట్లే ఉండిపోతుంది.

చెన్నై ఆయన దగ్గరుండే డీవీడీ సెట్టు పాల్‌దా ఎన్టీఎస్సీదా అడుగు. ఇవి పాతకాలం టీవీ పద్ధతులు, పాల్ మనదీ యూరప్‌దీ, ఎన్టీఎస్సీ అమెరికాది. పాల్‌లో సెకనుకు 24 ఫ్రేముల సినిమాని 25తో పరిగెత్తిస్తారు. 117 నిమిషాల సినిమా 112లో ముగుస్తుంది, గొంతులు రవ్వంత సన్నబడతాయి. వెనక అట్ట మీద 112 అని ఉంటే సీన్లు కోశారని కంగారు పడొద్దు.

4కే ప్లేయరుకి సోనీ ఎక్స్700 చూస్తున్నట్టైతే ఒక మాట. అందులో డాల్బీ విజన్ (హెచ్‌డీఆర్‌లో, అంటే వెలుగునీడలు ఎక్కువగా చూపే పద్ధతిలో, ఒక రకం) స్విచ్ చేత్తో మార్చుకోవాల. ‘ఏలియన్స్’ డాల్బీ విజన్ డిస్కు, ఆన్ పెట్టు. ‘ఏలియన్’ డాల్బీ విజన్ కాదు, ఆఫ్ చెయ్యి, లేకుంటే మామూలు హెచ్‌డీఆర్‌ని కూడా డాల్బీ విజన్‌గా మార్చి పంపుతుంది, రంగులు తేడా కొడతాయి. టీవీలో ఆ హెచ్‌డీఎంఐ పోర్టుకి ‘ఎన్‌హాన్స్‌డ్’ అనే సెట్టింగు ఆన్ చెయ్యకపోతే హెచ్‌డీఆరే రాదు. 18 జీబీపీఎస్ కేబులు చాలు, వేలు పోసి కొనే పనిలేదు.

4కే డిస్కు ప్రతిసారీ ఒకే చోట ఆగిపోతుంటే ముందు ప్లేయర్ని తిట్టొద్దు. 100 జీబీ డిస్కులో మూడు పొరలుంటాయి, పొర మారే చోట వేలిముద్ర ఉన్నా చదవలేదు. మెత్తటి గుడ్డతో నడిమి నుంచి అంచుకి నేరుగా తుడువు, గుండ్రంగా తిప్పొద్దు.

చిత్తూరు_పెట్టె

సెకండ్‌హ్యాండ్ కొనేముందు చూసుకోవాల్సినవి చెప్తా.

క్వాడ్రిలజీలో సినిమాకి రెండేసి డిస్కులు, తొమ్మిదోది అదనపు ముచ్చట్లది. అమ్మేవాళ్ల దగ్గర తప్పిపోయేది జాస్తిగా ఆ తొమ్మిదోదే. తొమ్మిదింటినీ వరసగా పరిచి రెండు వైపులా ఫోటో అడుగు. అడుగు భాగం ఊదారంగులో ఉంటే ఇంట్లో రాసిన కాపీ అని అర్థం, ఫ్యాక్టరీ డీవీడీ వెండి రంగులోనో లేత బంగారు రంగులోనో ఉంటుంది. నడిమి రంధ్రం చుట్టూ ఉండే పారదర్శకమైన వలయంలో ఐఎఫ్‌పీఐ (ఫ్యాక్టరీలో వేసే గుర్తు) అక్షరాలు, పక్కన కోడు కనపడాల. అదే వలయంలో వెంట్రుక మందం చీలికలు ఉన్నాయేమో చూడు. మధ్య బొడిపె నొక్కకుండా అంచు పట్టి పీకితే అట్లా చీలుతుంది. చీలిక రంధ్రం దగ్గరే మొదలైనా, ప్లేయర్లో వేగంగా తిరిగేటప్పుడు బయటికి పాకుతుంది.

చేతికొచ్చాక వెనక నుంచి టార్చి వేసి చూడు. సూదిపోట్ల మాదిరి వెలుతురు చుక్కలు, అంచు నుంచి లోపలికి పాకే గోధుమరంగు కనిపిస్తే లోపలి అల్యూమినియం పొర పోతున్నట్టు. డీవీడీ అంటే 0.6 మిల్లీమీటర్ల పలకలు రెండు జిగురుతో అతికించినది, తేమ ఆ అతుకులోంచే దూరుతుంది. అలాంటిది ఎంత చవకైనా వద్దు. బ్లూరేలో సమాచారం అడుగు వైపు 0.1 మిల్లీమీటరు లోతులోనే ఉంటుంది. అందుకే పైన గట్టి పూత వేస్తారు. టూత్‌పేస్టుతో రుద్దే చిట్కా పాత సీడీలకి చెల్లిందేమో, బ్లూరేకి మాత్రం వద్దే వద్దు, ఆ పూత పోతుంది.

దాచడం గురించి. మేలో ఎండలో ఆపిన కారులో వదిలేస్తే డిస్కు వంగిపోతుంది. ఇంట్లో మేడ కింద గదిలో, పైకప్పు నేరుగా ఎండ తగిలే అటక మీద కాకుండా, నిలువుగా పెట్టు. పడుకోబెట్టి దొంతర పెడితే అట్ట పెట్టెలు నలుగుతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా గోడకి ఆనించిన బీరువాలో చెమ్మ పడుతుంది, గోడకి నాలుగు వేళ్ల సందు వదులు. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో 50 గ్రాముల సిలికా జెల్ సంచి వెయ్యి. రంగు మారే రకం కొంటే ఎప్పుడు మార్చాలో తెలుస్తుంది. నీలం గింజలైతే అందులో కోబాల్ట్ ఉంటుంది, వంట ఓవెన్లో ఆరబెట్టొద్దు. అట్ట జేబుల్లో దూర్చి ఉంచే సెట్లకి డిస్కుల్ని తీసి విడి కవర్లలో వేసుకో. అట్ట గీరుకుంటుంది, చెమ్మకి జిగురు కారి అంటుకుంటుంది.

అలిపిరి_రీల్

చాలా థ్యాంక్స్ అన్నలూ. డీవీడీ వదిలేశా, ఆంథాలజీకే పోతా. ఇంకొక్కటి: 2024 సినిమా ‘ఏలియన్: రోములస్’ వీహెచ్ఎస్ క్యాసెట్టుగా వచ్చిందంటున్నారు, నిజమేనా? కొనే విలువ ఉందా?

చిత్తూరు_పెట్టె

నిజమే. 2024 డిసెంబరులో అమెరికాలో పరిమితంగా తెచ్చారు. బొమ్మ 4:3, పక్కలు కోసేసింది. టేపు ఎన్టీఎస్సీది, మన పాత పాల్ వీసీఆర్లలో సరిగ్గా ఆడదు, మల్టీసిస్టమ్ కావాల. అలమారలో అందానికైతే సరే. టేపు చుట్ట అంచు మీద తెల్లటి బూజు కనిపిస్తే మాత్రం వీసీఆర్లో పెట్టొద్దు, హెడ్డుకి అంటుకుని తర్వాత పెట్టే ప్రతి క్యాసెట్టుకీ అంటుతుంది.

పలమనేరు_సిగ్నల్

ఆంథాలజీ బయటి నుంచి తెప్పిస్తే డిస్కు ధరే చూసుకోవద్దు. కస్టమ్స్ సుంకం, కొరియర్ రుసుము పడతాయి, కేవైసీ కాగితాలు అడుగుతారు. ముందు రీజియన్ ఫోటో, తర్వాతే డబ్బులు.