వేరుశనగ కాయలు విడిపించే మిషన్ చేశాం: ట్రస్టు పెట్టాలా, కంపెనీ పెట్టాలా?

ప్రశ్న – బీటెక్ మెకానికల్ ఫైనల్ ఇయర్, అనంతపురం జిల్లా

అందరికీ నమస్కారం. మేం నలుగురం, ఇద్దరు అబ్బాయిలు, ఇద్దరు అమ్మాయిలు. ప్రాజెక్టు కింద వేరుశనగ కట్టె (పీకిన మొక్క) నుంచి కాయలు విడిపించే చిన్న మిషన్ చేశాం. అర హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు, ఇద్దరు మోసుకుపోవచ్చు. మా ఊళ్లో ఆడవాళ్లు పొద్దుగూకే దాకా కూర్చుని చేత్తో కాయలు పీకుతారు, వేళ్లు పగిలిపోతాయి. అది చూసే మొదలుపెట్టాం. సేవ కాబట్టి ట్రస్టు పెట్టమని కొందరు, ప్రైవేట్ లిమిటెడ్ అని కొందరు అంటున్నారు. కాలేజీ వర్క్‌షాప్‌లో చేశారు కాబట్టి పేటెంట్ కాలేజీదే అని ఒక సార్ అన్నారు. వచ్చే వారం ఫెస్టులో ప్రదర్శన ఉంది, యూట్యూబ్ ఛానెల్ వాళ్లు కూడా వస్తున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు – ఇంక్యుబేషన్ సెంటర్ (కొత్త స్టార్టప్‌లకు తోడ్పడే కేంద్రం) మెంటర్

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ముందు ఆ యూట్యూబ్ వాళ్లను ఆపండి. ట్రస్టు, కంపెనీ సంగతి తర్వాత.

పేటెంట్ దరఖాస్తు వేయకముందే మిషన్ లోపలి పనితీరు బయటపడితే కొత్తదనం పోయినట్టే లెక్క. చట్టంలో ప్రదర్శనలకు 12 నెలల వెసులుబాటు ఉంది గానీ, అది కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించిన వాటికే. కాలేజీ ఫెస్టుకు వర్తించదు. కాబట్టి ఫెస్టుకు ముందే ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేసేయండి. వ్యక్తులకు ఆన్‌లైన్ ఫీజు 1,600 రూపాయలు. బొమ్మలు గీసి, ఏ భాగం ఏం చేస్తుందో వివరంగా రాయండి, ఎందుకంటే అందులో లేని విషయానికి ఆ తేదీ రక్షణ దొరకదు. పూర్తి స్పెసిఫికేషన్‌ (మిషన్ పూర్తి వివరాల పత్రం) ఇవ్వడానికి 12 నెలల గడువు ఉంటుంది. దరఖాస్తుదారులంతా వ్యక్తులే అయితే, వాళ్లలో ఒక మహిళ ఉన్నా త్వరగా పరిశీలించమని కోరవచ్చు, ఆ వీలు 2019 నుంచి ఉంది. చెల్లెళ్ల పేర్లు తప్పకుండా పెట్టండి.

ఒక మాట. దువ్వెన పళ్ల ఫ్రేముతో కాయలు దూసే పరికరాలు చాలా ఏళ్లుగా ఉన్నాయి. పేటెంట్ ఆఫీసు సైట్‌లో వెతకండి. మీది ఎక్కడ కొత్తదో రెండు వాక్యాల్లో చెప్పలేకపోతే పేటెంట్ మీద ఇంకా డబ్బు పెట్టొద్దు. అది లేకుండా కూడా మంచి మిషన్ అమ్ముకోవచ్చు.

కాలేజీ విషయం: 2019 నాటి జాతీయ ఆవిష్కరణ, స్టార్టప్ విధానం ప్రకారం, కాలేజీ నిధులు, వనరులు గట్టిగా వాడుకుంటే హక్కు ఉమ్మడిగా ఉంటుంది. మొత్తం కాలేజీదే అనడం సరికాదు. అయితే అది మార్గదర్శకమే కాబట్టి మీ కాలేజీకి సొంత పాలసీ ఉందేమో అడగండి. సార్‌తో వాదన వద్దు, మర్యాదగా కాగితం మీద రాయించుకోండి.

డబ్బుకైతే నిధి ప్రయాస్ అనే కేంద్ర ప్రభుత్వ పథకం ఉంది. ప్రోటోటైప్‌కు (నమూనా మిషన్‌కు) 10 లక్షల వరకు ఇస్తారు, కంపెనీ లేకుండా వ్యక్తిగా అడగవచ్చు. వ్యవసాయ యంత్రం కాబట్టి హైదరాబాద్‌లోని నార్మ్ (జాతీయ వ్యవసాయ పరిశోధన నిర్వహణ అకాడమీ) వాళ్ల ఇంక్యుబేషన్ సెంటర్ ఎ-ఐడియా తలుపు కూడా తట్టండి.

వ్యాఖ్య – రైతు, కదిరి దగ్గర

బాబూ, మంచి పని చేస్తున్నారు. అయితే చేను దగ్గర సింగిల్ ఫేజ్ ఎక్కడుంది? బోరు ఉన్నచోట త్రీఫేజ్, మెట్ట చేలో అసలు కరెంటే లేదు. చిన్న పెట్రోల్ ఇంజన్ తగిలించే వీలు చూడండి. ఇంకోటి, కాయ పోయాక కట్టె మాకు పశువుల మేత. మిషన్ దాన్ని పొడి చేస్తే ఊరికే ఇచ్చినా వద్దంటాం. కె-6 రకం కట్టె మీద, లేపాక్షి రకం కట్టె మీద, పచ్చిగా ఉన్నప్పుడు, ఎండాక, అన్ని రకాలుగా తిప్పి చూడండి. విత్తనానికి పెట్టుకునే కాయ పగలకూడదు.

మళ్లీ మెంటర్

పెద్దాయన చెప్పింది మీ ప్రాజెక్టు రిపోర్టులో మొదటి పేజీలో ఉండాలి. దానికి తోడు తిరిగే డ్రమ్ముకు గట్టి మూత పెట్టండి. చీర కొంగు, జడ అందులో చిక్కితే ప్రాణం మీదికి వస్తుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న: ఈ మిషన్ ఎవరు కొంటారు? చీర నేతకు ముందు దారం చుట్టే ఆసు యంత్రం చేసిన చింతకింది మల్లేశం గారిని చూడండి, 2017లో పద్మశ్రీ వచ్చింది. అక్కడ భుజాలు నొప్పి పుట్టేదీ, మిషన్ కొనేదీ ఒకే చేనేత ఇల్లు. మీ దగ్గర అలా కాదు. వేళ్లు పగిలేది కూలి మనిషికి, డబ్బు పెట్టేది రైతు. రోజు కూలి ఉన్న ఊళ్లో మిషన్ వస్తే రైతుకు ఖర్చు తగ్గుతుంది, ఆడవాళ్లకు పని దినాలు పోతాయి. కాయల కొలత లెక్కన కూలి ఇచ్చే చోట అదే మిషన్ వాళ్ల చేతిలో ఉంటే ఆదాయం పెరుగుతుంది. మీరు ఎవరి కోసం చేశారో వాళ్లకే నష్టం రాకూడదు కదా. అందుకే నా సలహా, రైతుకు అమ్మకుండా పొదుపు సంఘానికి ఇవ్వండి. సంఘం ఆడవాళ్లే మిషన్ తీసుకుని చేను చేనుకూ తిరిగి కాయలు విడిపించి బాడుగ తీసుకోవాలి.

ప్రశ్న అడిగినవారు

థాంక్యూ అన్నా. యూట్యూబ్ వాళ్లకు వద్దని చెప్పేశాం. మా ఊళ్లో రోజు కూలే. సంఘం లీడర్ అక్కతో మాట్లాడాం, ఒక సీజన్ వాడి చూస్తామంది. మరి ట్రస్టా, కంపెనీయా?

మెంటర్

ఇప్పటికి రెండూ వద్దు తమ్ముడూ. ప్రైవేట్ లిమిటెడ్ పెడితే ఒక్క మిషన్ అమ్మకపోయినా ఏటా ఆడిట్, రిటర్నులు తప్పవు. ట్రస్టు పెడితే కేంద్ర ప్రభుత్వ స్టార్టప్ ఇండియా గుర్తింపు రాదు. బిల్లు అడిగే మొదటి కొనుగోలుదారు వచ్చినప్పుడు ఎల్‌ఎల్‌పీ (పరిమిత బాధ్యత ఉన్న భాగస్వామ్య సంస్థ) గానీ ప్రైవేట్ లిమిటెడ్ గానీ పెట్టండి. లాభం వస్తే సేవ కాదన్న భయం వద్దు. పాడైన బేరింగ్ మార్చడానికి మనిషిని పంపాలన్నా డబ్బు కావాలి.

ఖరీఫ్ కోతల నాటికి రెండు మూడు మిషన్లు సంఘం చేతిలో ఉండాలి. గంటకు ఎన్ని కిలోలు, ఎన్ని కాయలు పగిలాయి, బాడుగ ఎంత వచ్చింది, అన్నీ అక్కావాళ్లే పుస్తకంలో రాయాలి. మార్పులన్నీ అయ్యాక గార్లదిన్నె యంత్రాల పరీక్షా కేంద్రానికి తీసుకెళ్లండి, అది మీ జిల్లాలోనే ఉంది. సబ్సిడీ పథకాల్లోకి వెళ్లాలంటే అలాంటి కేంద్రం ఇచ్చే పరీక్ష రిపోర్టు కావాలి. మూడు మిషన్లకు మెటీరియల్ ఎస్టిమేట్ వేసి ఇక్కడ పెట్టండి, మోటారు, ఇంజన్ రేట్లు నేను చూసి చెబుతాను.